పోయిన టీకా కార్డు, పాప తొలి హెచ్‌పీవీ డోసు

నమస్కారం. క్లినిక్ లోపల వీడియో తీయనివ్వరు కాబట్టి, ఈ రోజు జరిగినదంతా బయట కారులో కూర్చుని చెబుతున్నాను. పదకొండేళ్ల మా అమ్మాయికి ఈ ఉదయం హెచ్‌పీవీ టీకా, అంటే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దారితీసే వైరస్‌ను ఆపే టీకా, తొలి డోసు వేయించాము. ఈ వయసు పిల్లలు సూది పడగానే కళ్లు తిరిగి పడిపోయే అవకాశం ఉంటుందని, పదిహేను నిమిషాలు అక్కడే కూర్చోబెట్టారు. ఆ కాసేపూ నాకు, పాప కడుపున పడకముందు ఇలాంటి గదిలోనే సమాధానం చెప్పలేకపోయిన ఒక ప్రశ్న గుర్తుకు వస్తూ ఉంది.

పిల్లలు కావాలనుకుంటున్నామని చెప్పిన రోజు డాక్టరుగారు నన్ను మొదట అడిగింది రుబెల్లా టీకా గురించి. అమ్మకు ఫోన్ చేస్తే, "నీకు అన్నీ వేయించామే తల్లీ, కార్డే ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయింది" అంది. దేశం మారి వచ్చిన మనం డిగ్రీ పట్టాలను కవర్లలో పెట్టి భద్రంగా తెచ్చుకుంటాము గానీ, టీకా కార్డు మాట ఎవరికీ తోచదు. అమ్మ చెప్పింది అబద్ధమూ కాదు. నా చిన్నతనంలో రుబెల్లా టీకా చాలా దేశాల టీకాల పట్టికల్లో లేదు.

రుబెల్లా పెద్దవాళ్లకు వస్తే కొద్దిపాటి జ్వరం, ఒంటి మీద దద్దుర్లు, అంతటితో పోతుంది. అదే గర్భం దాల్చిన తొలి వారాల్లో సోకితే బిడ్డకు కంటి శుక్లాలు, చెవుడు, గుండె లోపాలు వచ్చే ముప్పు నూటికి తొంభై వరకూ ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ సంబంధాన్ని మొదట పట్టుకున్నవారు ప్రసూతి వైద్యులు కారు; నార్మన్ గ్రెగ్ అనే ఆస్ట్రేలియా కంటి డాక్టరు. శుక్లాలతో పుట్టిన పసిపిల్లలు వరుసగా తన దగ్గరకు వస్తుంటే, వాళ్ల తల్లులకు గర్భం తొలినాళ్లలో రుబెల్లా వచ్చిందని గమనించి, ఆయన 1941లో ఆ సంగతి వెల్లడించారు.

రక్తపరీక్షలో నాకు రుబెల్లా యాంటీబాడీలు లేవని తేలింది. వెంటనే తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటికీ కలిపి వేసే ఎంఎంఆర్ టీకా వేసి, ఒక నెల పాటు గర్భం రాకుండా చూసుకోమన్నారు. ఇందులో బలహీనపరచిన సజీవ వైరస్ ఉంటుంది కాబట్టి గర్భిణులకు వేయరు. చికెన్‌పాక్స్ టీకాదీ ఇదే తీరు. నెల తప్పిన తరువాత గుర్తొస్తే కాన్పు అయ్యేదాకా ఆగవలసిందే. కాన్పయ్యాక వేయించుకోవడానికి మాత్రం బిడ్డకు పాలివ్వడం అడ్డు కాదు. ఆ రోజు ఆ ప్రశ్న నన్ను అడగకపోయి ఉంటే నా అంతట నాకు తట్టేది కాదని ఒప్పుకుంటున్నాను.

గర్భంతో ఉన్నప్పుడు వేసే టీకాల లెక్క దీనికి పూర్తిగా భిన్నం. కోరింత దగ్గు టీకా నాకు నెలలు నిండుతుండగా వేశారు. నా ఒంట్లో తయారైన యాంటీబాడీలు మాయ ద్వారా బిడ్డకు చేరి, తన సొంత టీకాలు మొదలయ్యే దాకా కాపాడతాయి. అందుకే ప్రతి కాన్పుకూ మళ్లీ వేయించుకోమంటారు. అదే సూదిలో ధనుర్వాతం టీకా కూడా ఉంటుంది. 1988లో ఒక్క ఏడాదిలోనే 7,87,000 మంది నవజాత శిశువులు ధనుర్వాతంతో చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. తల్లులకు టీకాలు, శుభ్రమైన కాన్పులు కలిసి ఆ సంఖ్యను ఎంతో కిందికి దించాయి. ఫ్లూ టీకా ఏ నెలలోనైనా వేయించుకోవచ్చు గానీ, ముక్కులో కొట్టే రకం మాత్రం గర్భిణులకు పనికిరాదు. పసిపిల్లల ఊపిరితిత్తులను దెబ్బతీసే ఆర్‌ఎస్‌వీ అనే వైరస్‌కు గర్భిణుల టీకా 2023లో వచ్చింది కాబట్టి, అది నాకు అందలేదు.

ఇక ఈ ఉదయం సంగతి. పాపకు టీకా అనగానే మా ఆడపడుచు ఫోన్‌లో, "ఇంత చిన్నపిల్లకు అదెందుకు వదినా?" అని అడిగింది. చిన్నపిల్ల కాబట్టే. ఈ టీకా వైరస్ సోకకుండా ఆపుతుందే తప్ప, అప్పటికే సోకిన దాన్ని తీసివేయలేదు. లైంగిక జీవితం మొదలుకాక ముందే వేయించాలన్నది అందుకే. పైగా తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల మధ్య శరీరం దీనికి గట్టిగా స్పందిస్తుంది కాబట్టి, ఈ వయసులో ఒకటి లేదా రెండు డోసులు చాలని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఇందులో వైరస్ జన్యుపదార్థమే ఉండదు, దాని పైతొడుగును పోలిన ఖాళీ ప్రొటీన్ గుల్లలు మాత్రమే ఉంటాయి. హెచ్‌పీవీ 16, 18 రకాలకూ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కూ ఉన్న ముడిని 1983, 84లలో బయటపెట్టిన హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ వచ్చింది. తొలి టీకా అంతకు రెండేళ్ల ముందే, 2006లో వచ్చింది.

మా చిన్నవాడు, "మరి నాకు?" అని అడిగాడు. గొంతు క్యాన్సర్లు కొన్నింటికీ ఈ వైరస్సే కారణం, చాలా దేశాల్లో మగపిల్లలకూ వేస్తున్నారు. వాడి వంతు తొమ్మిదేళ్లు నిండాక.

అయితే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో 16, 18 రకాల వాటా నూటికి సుమారు డెబ్బై. కొత్త టీకాలు ఇంకొన్ని రకాలను కూడా అడ్డుకుంటాయి గానీ అన్నింటినీ కాదు, అందుచేత టీకా వేయించుకున్నవారికైనా పెద్దయ్యాక ఈ క్యాన్సర్‌ను ముందే పట్టుకునే స్క్రీనింగ్ పరీక్ష తప్పదు. నర్సుగారు ఈ మాట పాపకు చెబుతూనే నా వైపు తిరిగి, "మీది చివరిసారి ఎప్పుడు చేయించుకున్నారు?" అని అడిగారు. రెండోసారి కూడా నా దగ్గర సమాధానం లేదు. పదిహేను నిమిషాలు పూర్తవగానే పాపను వెంటబెట్టుకుని కౌంటర్ దగ్గరకు వెళ్లి, వచ్చే నెలకు నాకు తేదీ తీసుకున్నాను. పాప టీకా కార్డును ఫోన్‌లో ఫొటో తీసి, ఒక కాపీ అమ్మకు కూడా పంపాను.