పార్శ్వపు నొప్పికి శొంఠి పనిచేస్తుందా?

శ్రోతలకు నమస్కారం. తలకి ఒక పక్కనే నొప్పి, కణత దగ్గర సుత్తితో కొట్టినట్టు, వెలుతురు చూస్తే చిరాకు, కడుపులో వికారం... ఇది అనుభవమైన వాళ్లు మీలో ఉంటే రేడియో సౌండు కాస్త తగ్గించుకునే వినండి.

ఈ పార్శ్వపు నొప్పికి, అదే మైగ్రేన్‌కి, మా నాయనమ్మ దగ్గర ఒకటే మందు. సాన మీద నాలుగు నీటిచుక్కలు వేసి శొంఠికొమ్ము అరగదీసి, ఆ గంధం నుదుటికి పట్టు వేసేది. చుర్రుమని మండేది, కళ్లమ్మట నీళ్లు కారేవి, అలాగే చీకటి గదిలో పడుకుంటే ఎప్పటికో నిద్ర పట్టేది, లేచేసరికి నొప్పి ఉండేది కాదు. తగ్గించింది శొంఠా, చీకటా, నిద్రా అని ఎవరం అడగలేదు. మైగ్రేన్ ఏ మందూ వాడకపోయినా 4 గంటల నుంచి 3 రోజుల్లోపు మామూలుగా తనంతట తనే పోతుంది. అందుకే "పట్టు వేసుకున్నాను, తగ్గింది" అని ఎంత నిజాయితీగా చెప్పినా అది రుజువు కిందికి రాదు.

శొంఠి లేని కషాయం లేదంటారు మనవాళ్లు. డాక్టర్లూ దాన్ని కొట్టిపారేయలేదు. 1990లో డెన్మార్క్ నుంచి 42 ఏళ్ల ఒక మహిళ సంగతి వైద్యపత్రికలో వచ్చింది. నొప్పి రాబోతోందని తెలియగానే అర గ్రాము పైచిలుకు అల్లం పొడి నీళ్లలో కలుపుకుని తాగితే అరగంటలో సర్దుకుందట. బాగానే ఉంది గానీ, ఒక్క మనిషి!

2014లో ఇరాన్‌లో 100 మందితో చేశారు. సగం మందికి నొప్పి మొదలవగానే పావు గ్రాము శొంఠిపొడి, అంటే సుమారు ఓ చిటికెడు, మిగతా సగానికి మైగ్రేన్‌కి డాక్టర్లు రాసే సుమాట్రిప్టాన్ మాత్ర. రెండు గంటల తర్వాత చూస్తే రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకేలా తగ్గింది. ఇది చదివి నాకూ హుషారొచ్చింది. కానీ ఉత్తుత్తి మందు ఇచ్చిన మూడో గుంపు అందులో లేదు, అందుకని రెండూ పనిచేశాయా లేక రెండు చోట్లా నమ్మకమే కొంత పనిచేసిందా అన్నది తేలలేదు.

ఆ లోటు బ్రెజిల్ వాళ్లు తీర్చారు. 2019లో అత్యవసర విభాగానికి వచ్చిన 60 మందికి మామూలు నొప్పి ఇంజెక్షన్‌తో పాటు కొందరికి అల్లం సారం, కొందరికి ఉత్తుత్తి మందు ఇస్తే, అల్లం తీసుకున్నవాళ్లు ముందు తేరుకున్నారు. సరే, రోజూ తింటే అసలు రాకుండానే ఉంటుందేమో అని మరుసటి ఏడు 107 మందికి మూడు నెలలు మూడు పూటలా మందు ఇచ్చారు. అల్లం గుంపులో 42 శాతం మందికి నొప్పులు సగానికి తగ్గాయి. ఉత్తుత్తి మందు మింగినవాళ్లలో? 39 శాతం! అంటే తేడా లేనట్టే.

కాబట్టి నా లెక్క ఇది. నొప్పి మొదలైనప్పుడు, ముఖ్యంగా వికారం ఉంటే, చిటికెడు శొంఠి వేడినీళ్లలో తాగడం వల్ల కొంత మేలు ఉండొచ్చు. రాకుండా ఆపుతుందని రోజూ మింగడం దండగ. ఇక నాయనమ్మ పట్టు సంగతంటారా, పైన చెప్పిన పరీక్షలన్నీ మింగిన అల్లం మీదే, నుదుటికి రాసినదాని మీద కాదు. వేసుకుంటే తప్పేం లేదు, కంట్లో పడకుండా చూసుకోండి.

రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు, గర్భిణులు మాత్రం డాక్టర్ని అడగకుండా శొంఠి పొడి మందులా మొదలుపెట్టొద్దు. నెలలో నాలుగైదుసార్లు నొప్పి వస్తుంటే, రాకుండా ఆపే మందులు వేరే ఉన్నాయి, అడిగి రాయించుకోండి. ఎప్పుడూ రానంత నొప్పి ఉన్నట్టుండి వచ్చినా, మాట తడబడినా, చెయ్యో కాలో పట్టు తప్పినా సాన కోసం వెతుక్కోకండి, వెంటనే ఆసుపత్రికి బయల్దేరండి.