మగ స్పెర్మ్ తిమింగలాలు: చుట్టరికం లేని చెలిమి

సభాధ్యక్షులకు, ఆచార్యులకు, జంతుశాస్త్ర విద్యార్థులకు నమస్కారం.

తిరుపతిలో తిమింగలాల మీద ప్రసంగమేమిటని కొందరికి అనిపించవచ్చు. అయితే పలమనేరు, కుప్పం వైపు నుంచి వచ్చినవారికి ఇందులో సగం ముందే తెలుసు. కౌండిన్య అభయారణ్యంలో ఆడ ఏనుగులు పిల్లలతో మందగా తిరుగుతాయి. ఈడొచ్చిన మగ ఏనుగు మందను విడిచిపోతుంది. స్పెర్మ్ తిమింగలాల సంసారమూ ఇంచుమించు అంతే.

ఆడవి సుమారు పది పన్నెండు కలిసి, పిల్లలతో సహా వెచ్చని సముద్రాల్లోనే ఉంటాయి. తల్లి వేటకై లోతులకు మునిగినప్పుడు బిడ్డను తక్కినవి కనిపెట్టుకుంటాయి. మగపిల్ల పదేళ్లకు అటూ ఇటూగా ఆ గుంపును వదిలి, చల్లని నీళ్ల వైపు సాగి, తోటి మగవాటితో కొంతకాలం తిరిగి, ఎదిగేకొద్దీ ఒంటరిదవుతుంది. ఆడది సుమారు 11 మీటర్లుంటే, నిండుగా ఎదిగిన మగది 16 మీటర్లుంటుంది. జతకోసం అది తిరిగి వెచ్చని నీళ్లకు రావడం ముప్పయ్యో ఏడు దగ్గరపడ్డాకే.

ఇక జన్యువుల సంగతి. కణానికి శక్తినిచ్చే భాగాలైన మైటోకాండ్రియాలోని డీఎన్ఏ తల్లి నుంచే బిడ్డకు వస్తుంది. మగబిడ్డకు వచ్చినది అతనితోనే ఆగిపోతుంది. ప్రపంచమంతటా తిరిగే ఈ జీవిలో ఆ డీఎన్ఏ వైవిధ్యం ఆశ్చర్యపడేంత తక్కువ. తల్లుల నుంచి నేర్చిన అలవాట్లు మేలైనవైతే ఆ వంశాలే వృద్ధి చెంది, వాటి డీఎన్ఏయే మిగిలి ఉంటుందని 1998లో తిమింగలాల పరిశోధకుడు హాల్ వైట్‌హెడ్ ప్రతిపాదించారు. ఆలోచన చక్కనిదే, కానీ ఒకప్పుడు వీటి సంఖ్య బాగా పడిపోయి, కొద్ది తల్లుల వంశాలే మిగిలి ఉంటాయన్న వాదమే నాకు బలంగా తోస్తుంది. మహాసముద్రాల మధ్య తల్లివైపు డీఎన్ఏలో తేడా స్పష్టంగా కనిపిస్తుండగా, తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే, కణకేంద్రకంలోని డీఎన్ఏలో అది స్వల్పం. అంటే ఆడవి పుట్టిన సముద్రాన్ని అంటిపెట్టుకుంటే, మగవి జన్యువులను దూరతీరాలకు మోసుకుపోతున్నాయి.

మరి కలిసి తిరిగే ఆ కుర్ర మగవి అన్నదమ్ములా? 2016 జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఐరోపాలోని ఉత్తర సముద్రం (నార్త్ సీ) తీరాలకు 30 స్పెర్మ్ తిమింగలాలు కొట్టుకొచ్చాయి. పరీక్షించినవన్నీ కుర్ర మగవే. లోతైన నీళ్లలో స్క్విడ్‌లనే మెత్తని సముద్రజీవుల వేటకు అలవాటుపడిన జీవికి ఆ సముద్రం మరీ లోతు తక్కువ. వాటి డీఎన్ఏను పరిశీలిస్తే అవి ఒకే తల్లి సంతతి కాదని, వేర్వేరు వంశాలవని తేలింది. రక్తసంబంధం లేకపోయినా ఒకే దారి పట్టాయన్నమాట.

ఆ సహవాసం దారిన పోయేవారి కలయిక మాత్రమే కాదు. జపాన్‌లోని నెమురో జలసంధిలో తోక రెక్క అంచున ఉండే గాట్లు, చిరుగులను బట్టి ఒక్కొక్క మగదాన్నీ గుర్తుపట్టి, ఏది దేనితో కనిపిస్తుందో పరిశోధకులు ఏళ్ల తరబడి నమోదు చేశారు. కొన్ని మగవి కొన్నేళ్లపాటు ఎంచుకున్నట్టుగా అవే తోడుతో కనిపించాయని 2020లో వెలువడిన ఆ పరిశోధన చెబుతోంది. ఆడవాటి గుంపులంత గట్టి బంధం కాదిది. అయినా మగది ఒంటరి జీవి అని ఇన్నాళ్లూ తేలికగా రాసుకున్న మాటను ఇప్పుడు సవరించుకోవలసిందే.

సంరక్షణకూ దీనితో సంబంధముంది. తిమింగలాల వేటగాళ్లు ఒంటిపరిమాణం చూసి పెద్ద మగవాటినే ఎక్కువగా ఏరి చంపారు. వాణిజ్య వేటపై అంతర్జాతీయ నిషేధం 1986లో అమలులోకి వచ్చినా, జతకట్టే ఈడుకు రావడానికి మగదానికి పాతికేళ్లకు పైగా పడుతుంది గనుక, ఆ లోటు పూడడం ఆడవాటి సంఖ్యను మాత్రమే లెక్కపెడితే తెలిసేది కాదు.