పల్లె పాటను రేడియోకెక్కించేటప్పుడు

శ్రోతలకు నమస్కారం. నల్లగొండ, పాలమూరు వంటి చోట నడిచే కమ్యూనిటీ రేడియోకు సాధారణంగా 100 వాట్ల ప్రసార శక్తి, 30 మీటర్ల టవరు దాటనివ్వరు. చుట్టూ పది పన్నెండు కిలోమీటర్లు వినిపిస్తుంది. మధ్యలో గుట్ట అడ్డొస్తే దాని వెనక ఊరికి సరిగా అందదు. ఇంత చిన్న స్టేషను సినిమా పాటలతో పెద్ద ఎఫ్.ఎం.లను గెలవలేదు. సినిమా పాటలకైతే రాయల్టీ, అంటే హక్కుదారులకు కట్టే రుసుము, భారం వేరే. కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికంగా తయారు కావాలన్న నిబంధన కూడా ఉంది. కాబట్టి దాని బలమంతా బతుకమ్మ పాట, నాటు పాట, ఒగ్గు కథ, భజనలోనే ఉంది.

అవుసలికుంట దర్శనం మొగిలయ్యకు 2022లో, దామరగిద్ద దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ వచ్చింది. ఒకరిది పన్నెండు మెట్ల కిన్నెర, ఇంకొకరిది బుర్ర వీణ. రెండూ తీగ వాద్యాలే. ఇలాంటి వాద్యాలున్న నేలలో పాటలకు కొరత లేదు. రికార్డింగు బాగుండటమే కష్టం.

కిన్నెర చప్పుడు మెత్తగా ఉంటుంది. వాయించేవారే పాడతారు గనుక గొంతు దాన్ని మింగేస్తుంది. మైకును అడుగున్నర దూరంలో, ఛాతీ ఎత్తున పెట్టి, వాద్యం వైపు కొంచెం వంచితే రెండూ సమానంగా వస్తాయి. డప్పు సంగతి వేరు. మైకుకు కనీసం 2 మీటర్ల దూరంలో, పక్కకు నిలబెట్టాలి. మంట మీద కాచిన తోలు చల్లారేకొద్దీ శ్రుతి దిగిపోతుంది. పాటను ముక్కలుగా రికార్డు చేస్తే చరణానికీ చరణానికీ పొంతన కుదరదు. బయట మంట సిద్ధంగా ఉంచుకుని, పాటంతా ఒకే ఊపులో తీయాలి.

బతుకమ్మ పాటకు వలయం మధ్యలో మైకు పెట్టడం మామూలుగా చేసే పొరపాటు. ఎత్తుగడ పాడే అమ్మ తిరిగేకొద్దీ ఆమె గొంతు మైకు ముఖానికి ఎదురుగా వస్తూ, వెనక్కు తప్పుకుంటూ ఉంటుంది. ఆమెను మైకు ముందు నిలబెట్టి, అందుకునేవాళ్లను వెనక ఆడనిస్తే చప్పట్లు కూడా తగినంత దూరం నుంచే పడతాయి.

రికార్డింగు లెవెల్, అంటే శబ్దం ఎంత గట్టిగా ఎక్కుతోందో మీటరు చూపే అంకె, పాటలో ఎంత గట్టి చోటైనా మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు. పగిలిన శబ్దాన్ని తరువాత బాగు చేయలేం. ఇంకో చిక్కు తాళాలు, చిడతలు, గజ్జెలు. ఎఫ్.ఎం. ప్రసారంలో పైస్థాయి శబ్దాలను, అంటే తాళాల్లాంటి సన్నని కీచు శబ్దాలను, ముందు పెంచి పంపిస్తారు, రేడియో సెట్టు వాటిని తిరిగి తగ్గిస్తుంది. తాళాలు మరీ గట్టిగా ఉంటే ఆ పెంపుతో లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా తగ్గించే పరికరం) బిగుసుకుని, తాళం పడ్డప్పుడల్లా పాటంతా కుంగిపోతుంది. ఎడిటింగులో ఆ పైస్థాయిని రెండు మూడు డెసిబెల్స్ తగ్గిస్తే సరిపోతుంది.

ఊళ్ల నుంచి వాట్సాప్‌లో పాటలు పంపేవారికి ఒక విన్నపం. వాయిస్ మెసేజ్‌గా పంపితే శబ్దం నలిగిపోతుంది. ఫోనులోని రికార్డర్‌తో తీసి, డాక్యుమెంటుగా పంపండి. ఫ్యాను ఆపేయండి.

ప్రసారంలో పాట మీద మాట వేయకూడదు. పాడినవారి పేరు, ఊరు మాత్రం ముందూ వెనకా రెండుసార్లు చెప్పాలి. ప్రసారమైన కార్యక్రమాన్ని 3 నెలలు దాచాలని నిబంధన. పాటల అసలు ఫైళ్లను మాత్రం రెండు వేర్వేరు చోట్ల శాశ్వతంగా ఉంచాలి. చదువు రాని పాటగాళ్ల అనుమతిని మైకులోనే చెప్పించి, ఆ ముక్కను పాటతోపాటే భద్రపరచాలి. పారితోషికం అదే రోజు చేతికివ్వాలి.