ఎస్టోనియా రోడ్ల మీద నీలం బోర్డు

అందరికీ నమస్కారమండీ. ఇంత ఎండలో కూడా లైబ్రరీ దాకా వచ్చారు, చాలా సంతోషం.

ఎస్టోనియా అని ఒక చిన్న దేశం ఉంది. విస్తీర్ణం చూస్తే మన పాత గుంటూరు జిల్లాకి నాలుగింతలు, జనం మాత్రం మొత్తం కలిపి 13 లక్షల చిల్లర, మన ఒక్క గుంటూరు జిల్లాలోనే 2011 లెక్కల్లో 48 లక్షలు దాటారు కదా, మరి అక్కడ ఊరికీ ఊరికీ మధ్య ఎంత అడివి ఉంటదో చూడండి, అంత దూరం ఇంటర్నెట్ కేబుల్ లాగితే చివర్లో ఉండేది నాలుగిళ్ళు. 1991లో సోవియట్ నుంచి బయటపడ్డప్పుడు చేతిలో పెద్దగా డబ్బుల్లేవు కూడా. అయినా 1996లో టైగర్ లీప్ అని పేరు పెట్టి స్కూళ్ళతో మొదలెట్టారు, 2001కల్లా స్కూళ్ళన్నిటికీ నెట్ వచ్చేసింది.

నాకు బాగా నచ్చింది మాత్రం ఆ నీలం బోర్డు. మనకి హైవే మీద ఆస్పత్రికి, పెట్రోల్ బంకుకి బోర్డులుంటాయి చూడండి, అట్లా వాళ్ళు ఈమెయిల్ అడ్రస్ మధ్యలో ఉండే ఎట్ గుర్తు వేసి నెట్ ఎక్కడ దొరుకుద్దో దారి చూపించారు. ఆ దారి చాలాచోట్ల పల్లెటూరి లైబ్రరీకే పోయేది. ఆ తర్వాత బ్యాంకులూ టెలికాం కంపెనీలూ కలిసి దాదాపు లక్షమంది పెద్దవాళ్ళకి కంప్యూటర్ ఉచితంగా నేర్పించాయి, 13 లక్షల్లో లక్షమందంటే మాటలా! 2005లో దేశమంతా స్థానిక ఎన్నికల్లో ఇంట్లో కూర్చుని నెట్‌లో ఓటేయగలిగారంటే ముందు ఇంత పని జరిగింది.

లైబ్రరీయే జనం దగ్గరికి వెళ్ళడం మనకి కొత్తేం కాదండీ. 1914లో ఇదే బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారు గ్రంథాలయ మహాసభ పెట్టించారు, 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలవలో పడవ మీద పుస్తకాలు వేసి ఊళ్ళకి పంపించారు.

మా అమ్మది తెనాలి పక్కన ఊరు. ఇంటికి ఫైబర్ వచ్చింది, చేతిలో మంచి ఫోనుంది, కానీ ఓటీపీ వస్తే పక్కింటి కుర్రాణ్ణి పిలిచి చదివించుకునేది. కాలింగ్ బెల్ నొక్కినట్టు తెర మీద వేలు గట్టిగా ఆనించి పట్టుకునేది, దాంతో ఇంకేదో తెరుచుకునేది, భయపడి ఫోను బోర్లా పెట్టేసేది. పక్కన కూర్చుని వారం రోజులు చెప్పా, అమ్మా మెల్లగా తాకి వదిలెయ్ చాలు అని. ఇప్పుడు కరెంటు బిల్లు తనే కడుతుంది, కట్టాక నాకు ఫోన్ చేసి చెప్తుంది కూడా.

అందుకే ఈ హాల్లో ఆ కిటికీ పక్క బల్ల ఒకటి అడిగాను, ఆదివారం పొద్దున పది నుంచి పన్నెండు దాకా నేను కూర్చుంటా, ఇంకో ఇద్దరు కావాలి. మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళని వాళ్ళ ఫోనుతోనే తీసుకురండి.