జింక్ కోసం వచ్చి ఇనుములో పడ్డాం

శీను: వచ్చేశాం. మాటిచ్చినట్టే ఈ వారం జింక్ ఫింగర్, అంటే జింక్‌ని పట్టుకుని మడతపడి, డీఎన్ఏకి అతుక్కునే వేలు లాంటి చిన్న ప్రోటీన్ ముక్క. అక్కా, పక్కదారి పోవద్దు.

రమ: పోను. ఒక్క మాట చెప్పి వచ్చేస్తా.

శీను: ఆ ఒక్క మాట ఎంత ఉంటుందో మనవాళ్లకు తెలుసు.

రమ: లోహం అనగానే రక్తంలో ఆక్సిజన్ మోసే ప్రోటీన్ హిమోగ్లోబిన్ గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది శీనూ? పుస్తకాల్లో హీమ్‌ని, అంటే అందులో ఇనుమును పట్టుకునే ఉంగరం లాంటి అణువుని, చదునుగా గీసి, మధ్యలో ఇనుము పెట్టి వదిలేస్తారు. ఆక్సిజన్ లేనప్పుడు ఆ ఇనుము అసలు ఆ తలంలోనే ఉండదు. దాదాపు 0.4 ఆంగ్‌స్ట్రామ్‌లు పక్కకు ఉంటుంది. ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లో వంతు.

శీను: అంత చిన్న తేడాకి ఇంత గొడవా?

రమ: గొడవే! ఆక్సిజన్ వచ్చి అతుక్కోగానే ఇనుము తలంలోకి జరుగుతుంది. తనకు అంటుకుని ఉన్న హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని లాగుతుంది, దాని వెంట హెలిక్స్, అంటే ప్రోటీన్‌లోని మెలిక చుట్ట, కదులుతుంది. చివరికి హిమోగ్లోబిన్‌లోని నాలుగు ప్రోటీన్ గొలుసుల అమరికే మారిపోయి, మిగతా హీమ్‌లు ఆక్సిజన్‌ని ఇంకా తేలిగ్గా పట్టుకుంటాయి. మాక్స్ పెరుట్జ్ అనే శాస్త్రవేత్త 1937లో హిమోగ్లోబిన్ మీద పని మొదలుపెట్టాడు. ఈ కదలికను వివరించింది 1970లో!

శీను: అంటే హీరో ఇనుమే కదా.

రమ: అదిగో, అక్కడే నాకు మండుతుంది. ఒట్టి హీమ్‌ని నీళ్లలో వేసి ఆక్సిజన్ తగలనివ్వు. ఇనుము ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుని ఫెర్రిక్ రూపంలోకి మారిపోతుంది, ఇక ఆక్సిజన్‌ని మోయలేదు. అలా జరగకుండా, రెండు హీమ్‌లు దగ్గరికి రాకుండా గుంటలో దాచి కాపాడేది ప్రోటీన్ మడతే.

శీను: మరి నా జింక్ సంగతేంటి? సుమారు 30 అమైనో ఆమ్లాల ముక్క. రెండు సిస్టీన్‌లు, రెండు హిస్టిడిన్‌లు జింక్‌ని పట్టుకుంటాయి. జింక్ తీసేస్తే మడతే నిలవదు. కప్ప అండకణాల ప్రోటీన్‌లో ఇలాంటి ముక్కలు వరసగా ఉన్నాయని 1985లో ఆరన్ క్లూగ్ అనే శాస్త్రవేత్త బృందం చెప్పింది. ఇక్కడ మడతను నిలబెట్టేది లోహమే అక్కా.

రమ: ...అది ఒప్పుకుంటా. అంత చిన్న ముక్కలో నీటికి దూరంగా దాక్కునే భాగం పెద్దగా ఉండదు. జింక్ ఆసరా కావాల్సిందే.

శీను: పైగా ఇనుములా ఎలక్ట్రాన్లు పోగొట్టుకునే గొడవ లేదు. డీఎన్ఏ పక్కన ఉండేదానికి అదే మంచిది.

రమ: కానీ దాన్నీ పుస్తకంలో చదునుగానే వేశారు చూశావా? జింక్ చుట్టూ ఉన్నది చతుర్ముఖి, అంటే నాలుగు త్రికోణ ముఖాల ఆకారం, చతురస్రం కాదు!

శీను: సరే సరే. 1991లో వచ్చిన స్ఫటిక నిర్మాణం చెప్పేస్తా. వేలులోని హెలిక్స్ డీఎన్ఏ పెద్ద గాడిలోకి దూరి, ఒక్కో వేలు మూడేసి క్షార జంటల్ని, అంటే డీఎన్ఏ నిచ్చెనలోని మెట్లని... అక్కా, నీ ఫోన్.

రమ: అమ్మ. తీయాలి, ఆపెయ్.