బ్రేక్ డిస్క్ మార్చాలా వద్దా? ముందు మందం కొలవండి

అందరికీ నమస్తే అండి. ఇదిగో టేబుల్ మీద పెట్టాను చూడండి, ముందు చక్రం రోటర్ ఇది, మనం మామూలుగా డిస్క్ అంటాం కదా అదే. బ్రేక్ తొక్కితే డిస్క్‌ని రెండు వైపులా నొక్కి పట్టుకునే ముక్కలే ప్యాడ్లు, ఆ ప్యాడ్లు మార్చేటప్పుడు మెకానిక్ "డిస్కులు కూడా వేసేద్దాం సార్" అంటే చాలామంది సరేనని తలూపేస్తారు, ఇంకొంతమందేమో ఇనుప ముక్కే కదా దానికేమవుతుందిలే అని అసలు చూడనే చూడరు. నా మటుకు నేను రెండూ ఒప్పుకోను. కొలవకుండా మార్చొద్దు, కొలవకుండా వదిలేయనూ వద్దు.

కెమెరా కొంచెం దగ్గరికి తెస్తున్నా, ఈ అంచు మీద చూడండి, తుప్పు తుడిస్తే అక్షరాలు కనిపిస్తున్నాయి కదా, మిన్ టీహెచ్ 20 ఎంఎం అని. అంటే 20 మిల్లీమీటర్ల కంటే పలచబడితే ఇంక వాడకూడదు అని కంపెనీ వాడే చెప్తున్నాడు. కొన్నిటికి ఈ నంబర్ మధ్యలో టోపీలా ఉంటుంది చూడండి, దాని మీద ఉంటుంది, తుప్పులో పోయిందంటే సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోండి. ఏ బండి నంబర్ ఆ బండిదే, పక్కవాళ్ల బండి లెక్క మీకు పనికిరాదు.

ఇప్పుడు కొలుద్దాం, ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ప్యాడ్ తగలని చివరి అంచు అరగదు, అక్కడ చిన్న గట్టులా లేచి ఉంటుంది, వేలు పెట్టి లాగితే తెలిసిపోతుంది. మామూలు వెర్నియర్ స్కేలు పెట్టి కొలిస్తే అది ఆ గట్టు మీద కూర్చుంటుంది, డిస్క్ ఇంకా బాగా మందంగా ఉన్నట్టు చూపిస్తుంది. అందుకే చిన్న మొనల మధ్య పట్టి మందం కొలిచే మైక్రోమీటర్ వాడాలి, అంచు నుంచి ఒక 10 మిల్లీమీటర్లు లోపలికి, చుట్టూ ఆరు నుంచి ఎనిమిది చోట్ల. ఇదిగో ఇక్కడ 20.42, ఇటు తిప్పితే 20.40, ఇక్కడ 20.41. లెక్క తీసుకునేది తక్కువ వచ్చినదాన్నే.

20 కంటే ఎక్కువే కదా, బాగానే ఉంది అనుకుంటున్నారా? ఈ డిస్క్ కొత్తగా ఉన్నప్పుడు 22, అంటే అరగాల్సిన 2 మిల్లీమీటర్లలో 1.6 అయిపోయింది, ఇప్పుడు దీని మీద కొత్త ప్యాడ్లు వేస్తే అవి అరిగేలోపే డిస్క్ లిమిట్ దాటేస్తుంది. నేనైతే ఇప్పుడే మార్చేస్తా. అదే 21.3 ఉండి, పైన నునుపుగా ఉంటే ముట్టుకోను. పలచబడితే ఏమవుతుందంటే, పలచటి గిన్నె తొందరగా కాగినట్టు డిస్క్ కూడా తొందరగా వేడెక్కుతుంది, పెద్ద దిగుడు రోడ్డులో బ్రేక్ పట్టు తగ్గిపోతుంది, బ్రేక్ ఆయిల్ మరిగేదాకా కూడా పోవచ్చు. దీంతో ఆటలొద్దండి దయచేసి.

ఇక స్టీరింగ్ వణుకు. స్పీడులో బ్రేక్ తొక్కితే స్టీరింగ్ ఊగితే డిస్క్ వంగిపోయింది అంటారు, కానీ ఎక్కువసార్లు అది వంగడం కాదు, చుట్టూ మందం సమానంగా లేకపోవడం, లేదా ప్యాడ్ మెటీరియల్ అక్కడక్కడా అంటుకుపోవడం. మిల్లీమీటర్‌లో 50వ వంతు తేడా ఉన్నా పెడల్ కింద తెలుస్తుంది, కంటికి మాత్రం కనిపించదు. దీనికి అసలు మూలం చాలాసార్లు హబ్ మీది తుప్పు, హబ్ అంటే డిస్క్, చక్రం బిగించే మధ్య భాగం, డిస్క్ ఆ తుప్పు మీద కొంచెం వంకరగా కూర్చుంటుంది, తిరుగుతూ తిరుగుతూ ఒకవైపు ఎక్కువ అరుగుతుంది, అందుకే హబ్ శుభ్రం చెయ్యకుండా కొత్త డిస్క్ బిగించేస్తే కొన్ని వేల కిలోమీటర్లకి అదే వణుకు మళ్లీ వస్తుంది. డబ్బు పెట్టి కూడా ఫలితం ఉండదు, నాకు బాధనిపించేది ఇదే.

వాన పడ్డాక పొద్దున్నే పైన కనిపించే ఎర్ర తుప్పు నాలుగుసార్లు బ్రేక్ వేస్తే పోతుంది, భయపడొద్దు. సన్న గీతలూ మామూలే. కానీ పగులు అంచుదాకా వచ్చిందా, గోరు దిగబడిపోయేంత లోతు గాడులు ఉన్నాయా, గరగరమని ఇనుముకి ఇనుము రాసుకుంటున్న శబ్దం వస్తుందా, ఇంక ఆలోచించొద్దు, బండి నడపకుండా పని చేయించండి. లోపలి ప్యాడ్ ఒక్కటే అరిగిపోయి ఉంటే కాలిపర్, అంటే ప్యాడ్లని పట్టుకుని నొక్కే భాగం, దాని పిన్ కదలకుండా పట్టేసి ఉందేమో చూడమనండి, లేకపోతే కొత్తదీ అలాగే పోతుంది.

మారిస్తే ఎడమా కుడీ రెండూ కలిపి, ప్యాడ్లతో సహా. కొత్త డిస్క్ మీద నూనె పూత ఉంటుంది, బ్రేక్ క్లీనర్‌తో తుడవాలి. తర్వాత ఖాళీ రోడ్డులో 50, 60 స్పీడ్ నుంచి 10కి మెల్లగా తగ్గిస్తూ కొన్నిసార్లు చెయ్యండి, మధ్యమధ్యలో చల్లారనివ్వండి, వేడి మీద పూర్తిగా ఆపి పెడల్ తొక్కి ఉంచొద్దు, ప్యాడ్ ముద్ర డిస్క్ మీద పడిపోతుంది. చక్రం విప్పేటప్పుడు ఒట్టి జాకీని నమ్ముకోవద్దు, స్టాండ్ వెయ్యండి. మీ డిస్క్ మీద ఏ నంబర్ ఉంది, కొలిస్తే ఎంత వచ్చింది, రెండూ కామెంట్లో పెట్టండి, చూసి చెప్తా.