కట్ట అందరిదీ, మరి నీళ్లెవరివి?

(హనుమకొండ స్టూడియోలో జరిగిన చర్చా కార్యక్రమం నుంచి కొంత భాగం)

యాంకర్: వానాకాలం వస్తే మన వరంగల్ వైపు ఎవరికి ఫోన్ చేసినా ముందు అడిగేది ఒకటే, "మీ చెరువు నిండి మత్తడి దుంకిందా?" అని. ఇవాళ ఆ చెరువు గురించే మాట్లాడుకుందాం. డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పే మేడం, నీటిపారుదల శాఖలో రిటైరైన ఇంజినీర్ గారు, నర్సంపేట దగ్గరి నుంచి రైతు అన్న వచ్చారు. మేడం, అందరిదీ అయిన ఆస్తి ఎవరికీ కాకుండా పోతుందంటారు. నిజమేనా?

అధ్యాపకురాలు: 1968లో గారెట్ హార్డిన్ అనే అమెరికా శాస్త్రవేత్త దాదాపు ఇదే రాశాడు. ఊరి బీడులో ఎవరికి వారు ఇంకో పశువును తోలుతూ పోతే చివరికి గడ్డే ఉండదన్నాడు. కానీ ముందు చెరువును రెండుగా విడదీసి చూడాలి. కట్ట వేరు, నీళ్లు వేరు. కట్ట గట్టిగా ఉంటే ఊరు మునగదు. చందా ఇచ్చినవాడి ఇల్లూ మునగదు, ఇవ్వనివాడి ఇల్లూ మునగదు. నాకు దక్కిన రక్షణ వల్ల మీకు తగ్గేదేమీ లేదు. 1954లో శామ్యూల్సన్ అనే ఎకనామిస్టు లెక్కగట్టి చెప్పిన పబ్లిక్ గూడ్ అంటే ఇదే. నీళ్లు అట్లా కాదు. నా మడికి పారిన నీళ్లు మీ మడికి రావు.

రైతు: అదే కదా మేడం. కట్ట తెగితే అందరం తట్టలు పట్టుకొని ఉరుకుతం. తూము కాడికొచ్చేసరికి పంచాయితీ మొదలైతది.

యాంకర్: ఆ పంచాయితీ తెంపింది ఎవరు?

రైతు: నీరటాయన. తూము ఎప్పుడు తెరవాలె, ఎంత తెరవాలె, ఎవరి వంతు ఎప్పుడు, అంతా ఆయన చేతిలనే. మా నాయన కూడా ఆయన్ని అడగకుండ మడవ తిప్పకపోయేది.

ఇంజినీర్: యాసంగిలో నీళ్లు తక్కువుంటే తైబందీ చేసేవాళ్లు. చెరువులో ఉన్న నీళ్లకు ఎన్ని ఎకరాలు పారుతుందో చూసి, ఆయకట్టులో అంతమేరకే నాట్లు. తూము దగ్గర పొలమున్నోడికి మొత్తం, చివరోడికి సున్నా అనే లెక్క ఉండదు. పాకాల చెరువు కాకతీయ రాజు గణపతిదేవుడి కాలం నాటిది, రామప్ప చెరువుదీ ఇంచుమించు ఆ కాలమే. ఇన్ని వందల ఏళ్లు నిలిచినయంటే రాళ్లూ మట్టీ ఒక్కటే కారణం కాదు. చెరువు బాగోగులకు దశబంధం అనే పద్ధతి కింద మాన్యం భూములుండేవి. పనిచేసేవాడికి తిండి గ్యారంటీ.

అధ్యాపకురాలు: ఎలినార్ ఆస్ట్రమ్ అనే అమెరికా పరిశోధకురాలికి 2009లో నోబెల్ వచ్చింది ఇటువంటి ఏర్పాట్ల మీద చేసిన పనికే. నేపాల్ కాలువలు, స్విస్ పచ్చిక బయళ్లు లాంటివాటిని పరిశీలించి, జనం తమ నియమాలు తామే పెట్టుకొని, తామే కాపలా కాసుకున్నచోట ఉమ్మడి ఆస్తి పాడుకాలేదని చూపించారామె. ఎకనామిక్స్‌లో నోబెల్ అందుకున్న మొదటి మహిళ కూడా. మన నీరటిని చూసుంటే ఆమె పుస్తకంలో ఇంకో అధ్యాయం పెరిగేదని క్లాసులో సరదాగా అంటుంటాను.

యాంకర్: మరి 2015లో మిషన్ కాకతీయతో పూడిక తీశారు కదా?

ఇంజినీర్: తీశాం. 46 వేలకు పైగా చెరువులను లెక్కలోకి తీసుకున్న కార్యక్రమం అది. తవ్విన మట్టిని రైతులే సొంత ఖర్చుతో పొలాలకు తోలుకున్నారు. ఒండ్రు మట్టి పొలానికి మంచిది కాబట్టి ఎవరినీ బతిమాలాల్సిన అవసరం రాలేదు. కానీ తూము తిప్పే మనిషి సంగతి ఏ ఎస్టిమేట్‌లోనూ రాయలేదు. నేనూ రాయలేదు.

రైతు: ఇప్పుడు చెరువు మీద పంచాయితీ తక్కువైంది సార్. అందరికీ బోర్లున్నయి.

అధ్యాపకురాలు: పంచాయితీ తగ్గలేదన్నా, భూమి కిందికి దిగింది. మీ బోరు, పక్కాయన బోరు ఒకే నీళ్లు లాగుతాయి. పైన చెరువైతే ఎంత తగ్గిందో అందరికీ కనిపిస్తుంది, కింద ఏముందో కనిపించదు. 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల ఉచిత కరెంటు వచ్చాక మోటార్ ఆపాలన్న తొందర ఎవరికుంటుంది?

ఇంజినీర్: అందుకే కరెంటు రాగానే మోటార్‌ను దానంతటదే నడిపించే ఆటో స్టార్టర్లు తీసేయమని అప్పట్లో ఊరూరా చెప్పారు.

యాంకర్: మీరు తీశారా అన్నా?

రైతు: (నవ్వుతూ) పక్కాయన తీస్తే తీద్దామని చూసిన. ఆయన నా దిక్కు చూస్తున్నడు.

యాంకర్: మళ్లీ నీరటిని పెట్టుకోవచ్చు కదా?

రైతు: జీతమెట్ల ఇయ్యాలె? ఎనుకట కల్లంల వడ్ల రాశి పోస్తే, ఆయనొచ్చి పక్కన నిలబడేటోడు. కుంచంతోటి కొలిచి ఆయన వాటా ఆయనకు పోసినంకనే బస్తాలు కట్టేది. అడగనక్కర లేదు, నిలబడితే చాలు. ఇప్పుడు కోత మిషన్ నుంచి వడ్లు ట్రాక్టర్ల పడ్తయి, ట్రాక్టర్ వడ్లు కొనే ఐకేపీ సెంటర్‌కు పోతది, పైసలు బ్యాంకుల పడ్తయి. నడుమ ఆయన ఎక్కడ నిలబడాలె?

ఇంజినీర్: సెంటర్ కాంటా దగ్గరే...

రైతు: కాంటా కాడ హమాలీ కూలి కోసం కొట్లాట ఉండనే ఉంది సార్.

యాంకర్: బ్రేక్ తర్వాత చెరువు లోపలి శిఖం భూముల కబ్జాల గురించి మాట్లాడదాం.